పరిశోధనశాల ఇల్లు మారినప్పుడు

ఇల్లు మారే కుటుంబం కొత్త పొయ్యి మీద పాలు పొంగించి ఆ పూట నుంచే అక్కడ కాపురం మొదలుపెట్టగలదు. ఒక పరిశోధన సంస్థ కొత్తగా కట్టుకున్న భవనంలోకి మారడం మాత్రం నెలల తరబడి సాగే పని, పైగా సామాను చేరినంత మాత్రాన ముగిసేది కాదు. అలా తరలివెళ్లే వాటిలో కంటికి కనబడేవి పరికరాలు, నమూనాలు, పుస్తకాలు, బల్లలు. కనబడనిది ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరి గుమ్మం ముందు నుంచి ఎవరు రోజూ నడిచిపోతారు అనే అల్లిక. మొదటివాటిని లారీల్లో ఎక్కించి దించవచ్చు. రెండోది పాత గోడల మధ్యనే విడిపోయి కొత్త గోడల మధ్య మళ్లీ అల్లుకోవాలి. అది ఎలా అల్లుకుంటుందో, అందులో భవనం పాత్ర ఎంతో గత అర్ధశతాబ్దంలో కొలిచి చూసినవారున్నారు.

కనబడే సామాను కూడా తక్కువ చిక్కులు పెట్టేది కాదు. జీవశాస్త్ర ప్రయోగశాలలో అన్నిటికన్నా బెంగ పెట్టే వస్తువు ఫ్రీజరు. మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడిచే ఆ నిలువెత్తు పెట్టె తలుపు తీస్తే, పేరుకుపోయిన మంచు పొర వెనక అరలు, అరల్లో పెట్టెలు, పెట్టెల్లో గళ్లు, గడికొకటి చొప్పున చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టాలు కనబడతాయి; ప్రతి గొట్టం మూత మీద మార్కరుతో రాసిన రెండు మూడు పొడి అక్షరాలు, ఒక తేదీ ఉంటాయి, ఆ అక్షరాల అర్థం తెలిసిన విద్యార్థి ఎప్పుడో పట్టా పుచ్చుకుని వెళ్లిపోయి ఉంటాడు. ఏళ్ల తరబడి ఎవరూ అడగని ఆ గొట్టాల గతి తేలేది ఇల్లు మారేటప్పుడే. ఉంచుకోదలచినవాటిని డ్రై ఐస్ మధ్య, అంటే మైనస్ 78 డిగ్రీల దగ్గర ద్రవంగా మారకుండా నేరుగా ఆవిరయ్యే ఘనరూప కార్బన్ డయాక్సైడు మధ్య పేర్చి, అది ఆవిరైపోయేలోగా అవతలి భవనంలో అప్పటికే చల్లబడి సిద్ధంగా ఉన్న ఫ్రీజరులోకి చేర్చాలి. ప్రయోగాలకు పెంచే ఎలుకల పద్ధతి మరీ విచిత్రం: పాత భవనంలోని సూక్ష్మజీవులు కొత్త భవనంలోకి రాకూడదనుకున్నప్పుడు ఎలుకలను తీసుకురారు, వాటి పిండాలను కడిగి శుభ్రమైన తల్లి ఎలుకల గర్భంలో ప్రవేశపెట్టి, పుట్టిన పిల్లలనే కొత్త ఇంట్లోకి రానిస్తారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి మరో రకం పట్టింపు ఉంది. వీధిలో పోయే రైలు కంపనం, పక్కన కదిలే లిఫ్టు వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న మార్పు కూడా దాని బొమ్మను చెదరగొట్టగలవు కనుక, అది ఉండవలసిన గదిని భవనం గీతల్లోనే ముందుగా నిర్ణయించుకోవాలి.

ఇవన్నీ డబ్బుతో, ఓర్పుతో తీరే సమస్యలు. కనబడని అల్లిక సంగతి వేరు. దాన్ని పరిశీలించడానికి ఒక శాస్త్రవేత్త జీవితకాలంలో మారిన గదులు అనుకూలమైన దారి చూపుతాయి. డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనుగొన్న ఇద్దరిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ 1916లో పుట్టి 2004లో మరణించారు. కేంబ్రిడ్జిలోని కేవెండిష్ ప్రయోగశాలలో ఒక గది, అదే ఊళ్లో 1962లో కట్టిన ఒక కొత్త భవనం, 1976 తరువాత కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థ ఆయన చిరునామాలు కాగా, మరణానంతరం లండన్‌లో ఆయన పేరుతోనే ఒక మహా భవనం వెలిసింది. ప్రయోగశాలల వాస్తుశిల్పంలో ఇరవయ్యో శతాబ్దపు రెండో సగం చేసిన ఆలోచనల్లో ముఖ్యమైనవి చాలావరకు ఈ చిరునామాల్లోనే దొరుకుతాయి.

మొదటి గదికి ఏ రూపకల్పనా లేదు. క్రిక్‌కు గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆయనా, అమెరికా నుంచి వచ్చిన యువకుడు జేమ్స్ వాట్సన్ ఇద్దరూ రోజంతా మాట్లాడుకుంటూ ఉండడం తక్కిన వారి పనికి అడ్డు వస్తోందని, వారి విభాగం పెద్దలు వారికి 103వ నంబరు గదిని విడిగా ఇచ్చారు. తరువాత ఆ గదిలోకి మరో ఇద్దరు వచ్చి చేరారు. ఒకరు అమెరికా రసాయనశాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ కుమారుడు పీటర్. డీఎన్‌ఏ మీద తండ్రి ప్రతిపాదించిన నమూనా సమాచారం 1953 మొదట్లో ఆయన ద్వారానే ఆ గదికి చేరింది, అందులోని పొరపాటు అక్కడే బయటపడింది. రెండోవారు జెర్రీ డోనహ్యూ అనే స్ఫటికశాస్త్రవేత్త. డీఎన్‌ఏలో ఉండే నాలుగు క్షారాలను, అంటే జన్యు సందేశానికి అక్షరాల వంటి అణువులను, వాట్సన్ అట్టముక్కలుగా కత్తిరించి జతపరచడానికి ప్రయత్నిస్తుండగా, పాఠ్యపుస్తకాలలో ఆ అణువులకు చూపిన రూపమే తప్పని, వాటిలో కొన్ని హైడ్రోజన్ పరమాణువులు ఉండవలసిన చోటు వేరని డోనహ్యూ చెప్పారు. దిద్దిన అట్టముక్కలు 1953 ఫిబ్రవరి 28న జతగా కుదిరాయి. ఈ సలహా ఏ పత్రికలోనూ అచ్చయి లేదు, దాన్ని అడగాలని వాట్సన్‌కు తెలియదు కనుక ఉత్తరం రాసి తెప్పించుకునే వీలు కూడా లేదు. పక్క బల్ల దగ్గర ఉన్న మనిషి చూసి చెప్పవలసిన మాట అది.

ఇందులో పొరుగు మహిమను అతిగా చెప్పడం కూడా సరికాదు. ఆ నమూనాకు ఆధారమైన ఎక్స్-రే చిత్రాలు లండన్‌లోని కింగ్స్ కాలేజీలో రోజాలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాల నుంచి వచ్చాయి. అదే కాలేజీలో అదే అణువు మీద పనిచేసిన మారిస్ విల్కిన్స్‌కూ ఆమెకూ మాత్రం పొసగలేదు. ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన మాట కలవదు; అయితే మాట కలిసే అవకాశం ఉన్నచోట, దూరం దాన్ని ఎంతగా తగ్గిస్తుందన్నది కొలవదగిన ప్రశ్న.

దాన్ని కొలిచినవారు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, అంటే ఎంఐటీకి చెందిన థామస్ అలెన్. పరిశోధనశాలల్లో ఇంజినీర్ల, శాస్త్రవేత్తల బల్లల మధ్య దూరాన్ని జంట జంటకూ కొలిచి, వారంలో కనీసం ఒక్కసారైనా పని విషయం మాట్లాడుకునే జంటలు ఎన్నో లెక్కవేసి, ఆయన 1977లో ఒక గ్రంథంగా వెలువరించారు. దూరాన్ని అడ్డంగా, మాట్లాడుకునే సంభావ్యతను నిలువుగా గీస్తే వచ్చే గీత మొదటి కొన్ని మీటర్లలోనే జారుడుబల్లలా నిట్టనిలువుగా పడిపోతుంది, 50 మీటర్లు వచ్చేసరికి దాదాపు అడుగు పట్టి, ఆ తరువాత ఎంత దూరమైనా పెద్దగా మారదు. దీనికే అలెన్ వక్రరేఖ అని పేరు. ఇక్కడ ఆశ్చర్యం, దూరం పెరిగితే మాట తగ్గడం కాదు, అది ఎవరైనా ఊహించగలిగిందే; ఆ తగ్గుదల అంతా హైదరాబాదు నుంచి విజయవాడకు ఉన్న దూరంలో కాక, ఒక నడవా ఈ కొస నుంచి ఆ కొసకు ఉన్నంత దూరంలోనే పూర్తయిపోవడం ఆశ్చర్యం. యాభై మీటర్ల అవతలి సహోద్యోగి, మాటల లెక్కలో, పొరుగూళ్లో ఉన్నట్టే. అంతస్తు మారితే ఈ ఎడం ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే ఎదురుపడడానికి కారణం కావలసి వస్తుంది. ఫోను, ఈ-మెయిలు వచ్చాక ఈ రేఖ చెల్లిపోతుందనుకున్నవారికి అలెన్ మూడు దశాబ్దాల తరువాత గుంటర్ హెన్ అనే వాస్తుశిల్పితో కలిసి రాసిన గ్రంథంలో జవాబిచ్చారు: మనుషులు ముఖాముఖి ఎక్కువగా కలిసేవారికే ఫోన్లూ ఎక్కువ చేస్తారు, దూరపువారికి చేయడం తక్కువ.

అలెన్ కొలతలు రాకముందే, 1962లో, క్రిక్ విభాగానికి పెద్ద అయిన మాక్స్ పెరుట్జ్ ఈ సంగతిని కొలవకుండానే గ్రహించినట్టు కనబడుతుంది. కేవెండిష్ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, తరువాత దాని పెరట్లో వేసిన ఒక తాత్కాలిక గుడిసెలాంటి కట్టడంలో తలదాచుకున్న అణుజీవశాస్త్రానికి, అంటే జీవక్రియలను అణువుల నిర్మాణంతో వివరించే శాస్త్రానికి, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కేంబ్రిడ్జి దక్షిణపు అంచున సొంత ఇల్లు కట్టి ఇచ్చింది. క్రిక్, పెరుట్జ్, జాన్ కెండ్రూ, సిడ్నీ బ్రెన్నర్ అక్కడికి మారారు. జీవరసాయనశాస్త్ర విభాగం నుంచి ఫ్రెడరిక్ సాంగర్, లండన్ నుంచి ఆరన్ క్లూగ్ వచ్చి చేరారు. అదే ఏడు క్రిక్, వాట్సన్, పెరుట్జ్, కెండ్రూలకు నోబెల్ బహుమతులు వచ్చాయి కాని, అవి పాత గదుల్లో జరిగిన పనికి. కొత్త ఇంటి లెక్క తరువాత వచ్చింది: డీఎన్‌ఏ అక్షరాల వరసను చదివే పద్ధతిని 1977లో సాంగర్ అక్కడే రూపొందించి, 1980లో రెండో నోబెల్ అందుకున్నారు, క్లూగ్‌కు 1982లో వచ్చింది.

ఆ భవనం చూపులకు ఏ ప్రత్యేకతా లేనిది. పెరుట్జ్ పట్టుబట్టినది క్యాంటీన్ కోసం. ఉదయం కాఫీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ అన్న మూడు వేళలకూ అందరూ ఒక్కచోటికి రావాలని, పెద్దలకు వేరే గది, చిన్నలకు వేరే గది ఉండరాదని ఆయన ఉద్దేశం. దాన్ని ఏళ్ల తరబడి నడిపినది ఆయన భార్య గిసెలా. ఖరీదైన పరికరాలను ఏ ఒక్కరి సొత్తుగానో కాక ఉమ్మడిగా ఉంచడం కూడా ఇదే ఆలోచనకు మరో ముఖం, ఎందుకంటే ఉమ్మడి యంత్రం ముందు వరసలో నిలబడినవాళ్లు ఊరుకుండలేరు, మాట్లాడుకుంటారు. క్రిక్, బ్రెన్నర్ మాత్రం ఇరవై ఏళ్లపాటు ఒకే గది పంచుకున్నారు. భవనం ఎంత విశాలమైనా ఆ ఇద్దరూ విడి గదులు అడగలేదన్నది గమనించదగిన సంగతి.

సొంత ఇల్లు లేక మరో శాస్త్రం ఇంట్లో మొదలుకావడం ఈ విద్యకు కేంబ్రిడ్జిలోనే కాక హైదరాబాదులోనూ జరిగింది. పుష్పమిత్ర భార్గవ నాయకత్వంలో 1977లో ఏర్పడిన కణ, అణుజీవశాస్త్ర కేంద్రం, అందరూ పిలిచే సీసీఎంబీ, తొలి సంవత్సరాలను రసాయనశాస్త్రానికి నిలయమైన ప్రాంతీయ పరిశోధనశాల ఆవరణలోనే గడిపి, ఉప్పల్ రోడ్డు మీద కట్టుకున్న సొంత భవనంలోకి మారింది. 1987 నవంబరు 26న అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ దాన్ని జాతికి అంకితం చేశారు.

క్రిక్ 1976లో చేరిన సాల్క్ సంస్థ అంతకు దశాబ్దం ముందే లోకప్రసిద్ధమైన కట్టడం. పోలియో టీకా కనిపెట్టిన జోనస్ సాల్క్ కోరికపై వాస్తుశిల్పి లూయీ కాన్ పసిఫిక్ తీరాన లా హోయాలో దీన్ని 1960లలో నిర్మించారు. కాన్ రెండు సమస్యలను రెండు రకాలుగా పరిష్కరించారు. ప్రయోగశాలలో గ్యాసు, నీరు, గాలి, కరెంటు, మురుగు గొట్టాలు అన్నీ గదికి పైనో గోడలోనో నడుస్తాయి. ప్రయోగం మారినప్పుడల్లా వాటిని మార్చడానికి గోడలు పగలగొట్టడం, పని ఆపడం తప్పదు. ఈ బాధ తప్పించడానికి ఆయన ప్రతి ప్రయోగశాల అంతస్తు మీదా, మనిషి నిలబడి తిరగగలిగినంత ఎత్తున, సుమారు 2.7 మీటర్ల మేర గొట్టాలకే ఒక పూర్తి అంతస్తు కేటాయించారు. అంటే ఆరు అంతస్తుల్లో మూడు మనుషులవి, మూడు గొట్టాలవి. ఆ అంతస్తు ఎత్తంతా పట్టే భారీ కాంక్రీటు చట్రాలు కప్పు బరువును మోయడంతో, కింద ప్రయోగశాల నేల మీద ఒక్క స్తంభం కూడా లేకుండా పోయింది, బల్లలను ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు గొట్టం ఎక్కడ కారుతోందో తెలియక గోడంతా గీకించుకున్న ఏ ఇంటివారికైనా ఈ ఆలోచన విలువ వెంటనే తెలుస్తుంది.

రెండో పరిష్కారం మౌనానికి సంబంధించినది. ప్రయోగశాలల నుంచి విడదీసి, మెట్లూ వంతెనలూ దాటి వెళ్లవలసిన చోట, కిటికీలు సముద్రం వైపు తిరిగేలా కాన్ 36 చిన్న చదువుగదులు కట్టారు. ఉమ్మడి నేల ఒకవైపు, ఒంటరి గది ఒకవైపు. మధ్య నడక కావాలనే ఉంచినది. తరువాతి కాలపు భవనాల్లో మొదటి పరిష్కారాన్ని అందరూ అరువు తెచ్చుకున్నారు, రెండోదాన్ని అంతగా పట్టించుకున్నట్టు లేదు. పెరుట్జ్ ప్రయోగశాలకే 2013లో 21 కోట్ల పౌండ్లకు పైగా వెచ్చించి కట్టిన కొత్త భవనంలో కూడా, రెండు పొడవాటి భాగాలను మధ్యలో ఒక వెలుతురు ప్రాంగణం కలుపుతుండగా, ప్రయోగశాల అంతస్తుల మధ్య గొట్టాల అంతస్తులే కనబడతాయి; పై నుంచి చూస్తే భవనం క్రోమోజోమ్ ఆకారంలో ఉండడం కొంచెం అతి అనిపించినా, సైన్సు భవనాల మీద ఆ మోజు ఇప్పట్లో పోయేది కాదు.

ఎవరి పక్కన ఎవరుంటే మంచిదన్న ప్రశ్నకు అలెన్ రేఖ పూర్తి జవాబు కాదు, ఎందుకంటే స్నేహితులు తామే పక్కపక్క గదులు అడిగి తీసుకోవచ్చు. అప్పుడు దగ్గరితనం కలిసి పనిచేయడానికి కారణమో, ఫలితమో తేల్చలేం. ఈ చిక్కు విప్పాలంటే ఎవరి ఇష్టంతోనూ నిమిత్తం లేకుండా శాస్త్రవేత్తలను అటూ ఇటూ మార్చాలి, అలాంటి ప్రయోగానికి ఏ సంస్థా ఒప్పుకోదు. పారిస్‌లో ఆస్బెస్టాస్ వల్ల అది తనంతట తానే జరిగింది. 1960లలో మొదలై సెన్ నది ఒడ్డున లేచిన జూసియూ విశ్వవిద్యాలయ భవనాల ఉక్కు చట్రానికి, అగ్నిప్రమాదంలో ఉక్కు మెత్తబడకుండా, ఆస్బెస్టాస్ పూత చల్లారు. ఆ ఖనిజపు సన్నని పోగులు పీల్చితే ఊపిరితిత్తుల క్యాన్సరు వస్తుందని తేలాక, 1990ల చివర నుంచి దాదాపు రెండు దశాబ్దాలపాటు ఒక్కో భాగాన్నీ ఖాళీ చేయించి శుభ్రం చేశారు. ఏ ప్రయోగశాల ఎప్పుడు కదలాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది శుభ్రం చేసే వరస, దొరికిన ఖాళీ నిర్ణయించాయి తప్ప విజ్ఞానం నిర్ణయించలేదు. భౌతికశాస్త్రం పక్కకు జీవశాస్త్రం, దాని పక్కకు గణితం వచ్చి పడ్డాయి, మళ్లీ విడిపోయాయి.

క్రిస్టియన్ కతలీని అనే ఆర్థిక శాస్త్రవేత్త ఈ రాకపోకలను, ఆ ప్రయోగశాలలు ప్రచురించిన పత్రాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఇలా యాదృచ్ఛికంగా ఒకే చోటికి చేరిన ప్రయోగశాలలు కలిసి పరిశోధన చేసే అవకాశం మూడున్నర రెట్లు పెరిగిందని ఆయన 2018లో ప్రచురించిన పత్రం చెబుతుంది. అక్కడ అందమైన ప్రాంగణాలు లేవు, కాఫీ మూలలు లేవు, ఉన్నది బలవంతపు పొరుగు మాత్రమే. వాస్తుశిల్పులకు ఇచ్చే ఘనతలో కొంత భాగం ఇళ్లు కేటాయించే గుమాస్తాకు చెందాలేమో.

తాత్కాలికమైన కట్టడమే ఒక్కోసారి మేలు చేస్తుందనడానికి ఎంఐటీలోని 20వ నంబరు భవనాన్ని చూపుతారు. రాడార్ పరిశోధన కోసం 1943లో చెక్కతో హడావుడిగా కట్టి, యుద్ధం ముగిశాక కూల్చేద్దామనుకున్న ఆ మూడంతస్తుల షెడ్డు 1998 వరకు నిలిచింది. పాడైపోతుందన్న భయం లేదు కనుక అక్కడివాళ్లు గోడలకు నిస్సంకోచంగా కన్నాలు వేశారు. పరమాణు గడియారానికి ఎత్తు చాలక జెరాల్డ్ జకారియాస్ బృందం ఏకంగా పై అంతస్తుల నేలలనే కోసేసింది. దాని స్థానంలో 2004లో ఫ్రాంక్ గెరీ రూపొందించిన స్టాటా కేంద్రం వచ్చింది; గోడలు వంకర టింకరగా వాలే ఆ కట్టడంలో ఎవరైనా రంపం పట్టుకుని నేల కోయడం ఊహించడం కష్టం.

2016లో లండన్‌లో తెరిచిన ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థ వీటన్నిటి సారాన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చే ప్రయత్నం. నగరపు ఉత్తర శివారు మిల్ హిల్‌లో 1950 నుంచి ఉన్న జాతీయ వైద్య పరిశోధన సంస్థను, నగరం నడిబొడ్డున ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థను కలిపి, సెయింట్ పాంక్రస్ రైల్వే స్టేషను పక్కన, భూమి పైన ఎనిమిది, కింద నాలుగు అంతస్తులతో కట్టిన భవనం అది; కంపనం పడని పరికరాలు చాలావరకు కింది అంతస్తులకు వెళ్లాయి. తొలి సంచాలకులు పాల్ నర్స్ అందులో విభాగాలే లేకుండా చేశారు. జీవశాస్త్రంలోని వేర్వేరు శాఖలవారిని కావాలనే కలగలిపి కూర్చోబెట్టారు, గాజు గోడలు పెట్టారు, వెడల్పాటి మెట్లూ కలుసుకునే చావళ్లూ మధ్య ప్రాంగణం చుట్టూ అమర్చారు. జూసియూలో ఆస్బెస్టాస్ చేసిన పనిని ఇక్కడ నక్షాతో చేయించారన్నమాట.

మరుసటి ఏడే, ఆ బహిరంగ స్థలాల్లో చప్పుడు వల్ల మనసు పెట్టి చదవడం, రాయడం కష్టమవుతోందని అక్కడ పనిచేసే కొందరు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. దీనికి తోడు 2018లో ఈతన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ బ్రిటన్ రాయల్ సొసైటీ పత్రికలో ఒక పరిశీలన ప్రచురించారు. గోడలున్న గదుల నుంచి గోడలు లేని హాళ్లకు మారిన రెండు పెద్ద కంపెనీల ఉద్యోగుల మెడల్లో చిన్న గ్రాహకాలు వేలాడదీసి, ఎవరు ఎవరికి ఎదురుగా నిలబడి ఎంతసేపు మాట్లాడారో మార్పుకు ముందూ తరువాతా లెక్కించారు. మాటల సారాంశాన్ని మాత్రం నమోదు చేయలేదు. గోడలు పోయాక ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం తగ్గాయి, ఈ-మెయిళ్లూ సందేశాలూ పెరిగాయి. నలుగురి కళ్ల ముందు ఉన్నవాడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెరలోకి తలదూర్చి తనకు తానే గోడ కట్టుకుంటాడని దీని తాత్పర్యం. అవి కంపెనీ కార్యాలయాలే తప్ప పరిశోధనశాలలు కావు కనుక ఆ అంకెను యథాతథంగా ప్రయోగశాలకు అన్వయించలేం. అయినా దగ్గరితనం, గోడలేమి ఒకటి కావని అది గట్టిగానే చెబుతుంది. అలెన్ కొలిచినది బల్లకూ బల్లకూ మధ్య నడక దూరాన్ని. దానిలో ఎన్ని తలుపులుండాలన్నది ఆయన లెక్కలో లేదు.

లండన్ భవనంలో చప్పుడు గురించిన ఆ ఫిర్యాదు, అరవై ఏళ్ల ముందు కేవెండిష్‌లో ఆ భవనానికి పేరిచ్చిన మనిషి మీదనే వచ్చింది. అప్పటి విభాగం పెద్దలు ఆయన్ని గొంతు తగ్గించుకోమని చెప్పి ఊరుకోలేదు, ఎదురుగా కూర్చున్న తోడునూ విడదీయలేదు. తలుపు వేసుకోవడానికి వీలున్న 103వ నంబరు గది చూపించారు, మరో ఇద్దరికి కూడా అందులో చోటుంది.